మూత లోపలి తేదీలు

బరంపురంలో బంగారు కొట్టు మెట్లెక్కేవాళ్ళలో సగం మంది బంగారం కొనడానికి రారు. ఈ మాట మా షావుకారు గారి ముందు అంటే ఒప్పుకునేవారు కాదు గానీ, ఆ కొట్టు చివర వాచీల కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. సెల్లు వేయించుకోవడానికి వస్తారు. బెల్టు తెగిందని, చైను వదులైందని, ముల్లు ఆగిపోయిందని వస్తారు. పని అయ్యేదాకా నిలబడాలి కదా, ఆ కాసేపట్లో పక్క షోకేసులోని నెక్లెసు మీద ఓ చూపు పడేస్తారు. ఆ చూపు కోసమే షావుకారు గారు వాచీల కౌంటరు నడిపింది. సెల్లు మీద ఆయనకి మిగిలేది టీ ఖర్చు.

నేను చేరింది 1990ల మధ్యలో. డిగ్రీ పాసై, బ్యాంకు పరీక్షలు రాస్తూ ఇంట్లో కూర్చున్న రోజులు. మా నాన్నకీ షావుకారు గారికీ బజారు పరిచయం. "అమ్మాయి ఖాళీగా ఎందుకు, పంపించండి, లెక్కలు రాస్తుంది" అన్నారాయన. తీరా వెళ్ళాక లెక్కల పుస్తకం అట్ట కూడా చూపించలేదు. కొత్తగా చేరినవాళ్ళని ముందు వెండి పట్టీలు, మెట్టెల దగ్గర ఉంచేవారు. ఆ తర్వాత ముక్కుపుడకలు, దిద్దులు. హారాలూ వడ్డాణాలూ చూపించే బల్ల దాకా రావాలంటే తల నెరవాల్సిందే. మా కొట్లో వెండి కన్నా కింద ఇంకో మెట్టు ఉండేది, అదే వాచీలు. నన్ను అక్కడ కూర్చోబెట్టారు.

బంగారు కొట్లో వాచీలేమిటి అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. అంతా పెళ్ళిళ్ళ మహిమ. మా వైపు అల్లుడికి ఉంగరం, వాచీ అనేవి కట్నం లెక్కలోకి రాని లాంఛనాలు. పుస్తెలు, మెట్టెలు, ఉంగరం ఒకే కొట్లో తీసుకున్నాక వాచీ కోసం ఇంకో కొట్టు తిరగడం ఎందుకని అడిగేవారట. అలా మొదలైంది. ముందు తరం అల్లుళ్ళందరికీ హెచ్‌ఎంటీయే. 1961లో బెంగుళూరులో జపాను సిటిజెన్ కంపెనీ సాయంతో ఆ ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచి పాతికేళ్ళ పాటు దానికి ఎదురే లేదు. 1980ల చివర్లో టైటాన్ వచ్చాక కీ ఇచ్చే వాచీ పెడితే అల్లుడు మొహం ముడుచుకునే రోజులొచ్చాయి. సెల్లు వాచీ అయితే సన్నగా ఉంటుంది, రోజూ తిప్పక్కర్లేదు. కాకపోతే అమ్మడంతో మన పని అయిపోదు. కొన్నవాడు రెండేళ్ళకోసారి సెల్లు కోసం తిరిగొస్తాడు. వాడితో పాటు వాళ్ళావిడ వస్తుంది. ఆవిడ వస్తే ఏమవుతుందో షావుకారు గారికి బాగా తెలుసు.

మా కొట్టు పెద్ద బజారు దగ్గర. షావుకారు గారి తాతలు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా కూడా మద్రాసు కిందే ఉండేది కాబట్టి, వాళ్ళ లెక్కలో వచ్చింది పక్క రాష్ట్రానికి కాదు, పక్క ఊరికి. చిట్టాలు తెలుగులోనే రాసేవారు. బేరాలు మాత్రం ఏ భాషలో మొదలై ఏ భాషలో తేలతాయో చెప్పలేం. ఒకావిడ "ఘొడి బొంద్ హెయిగలా" (వాచీ ఆగిపోయింది) అంటూ ఒడియాలో వచ్చేది, ధర వినగానే "అమ్మో, ఇంతేటి!" అని తెలుగులోకి దిగేది.

కౌంటరు నాది గానీ విద్య మాస్టారిది. వీధి వెలుతురు పడేలా గుమ్మం పక్కనే ఆయన బల్ల. కంటికి ఐగ్లాసు, అదే చిన్న భూతద్దం, పెట్టుకుని, వీపు వంచి కూర్చుంటే పక్కన పెళ్ళివారు పోట్లాడుకుంటున్నా తల ఎత్తేవారు కాదు. కీ వాచీల కాలం మనిషి. చక్రాలన్నీ విప్పి, పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి, సూది మొనతో నూనె అద్ది మళ్ళీ బిగించడం ఆయన దృష్టిలో పని. సెల్లు వెయ్యమంటే చిరాకు పడేవారు. "ఇదీ ఓ రిపేరేనేటమ్మా? దీపంలో నూనె పొయ్యడం. నువ్వే నేర్చేసుకో" అన్నారు. ఆయన చిరాకే నాకు ఉద్యోగం అయింది.

మొదటి పాఠం చాకు పట్టుకోవడం కాదు. "ముందు కీ లాగి ఉందేమో చూడు" అన్నారు. పక్కనుండే కీ కొంచెం బయటికి వచ్చి ఉంటే వాచీ ఆగిపోతుంది. టైం మార్చి నొక్కడం మర్చిపోతారు, లేకపోతే చిన్నపిల్లలు లాగేస్తారు. లోపలికి నొక్కి ఇచ్చేస్తే పని అయిపోయినట్టే, డబ్బుల్లేవు. వచ్చినాయన సిగ్గుపడుతూ వెళ్తుంటే షావుకారు గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి, "ఊరికే పోయాడనుకోకు, కూతురి పెళ్ళికి మన దగ్గరికే వస్తాడు" అనేవారు. అన్నట్టు చాలామంది వచ్చారు కూడా.

ఒకసారి సోంపేట వైపు నుంచి ఓ పెద్దాయన హెచ్‌ఎంటీ జనతా పట్టుకొచ్చాడు. అన్నగారు పోయాక ఆయన వాచీ తమ్ముడికి వచ్చిందట. "సెల్లు అయిపోయినట్టుందమ్మా, మంచిది వెయ్యి" అన్నాడు. నేను మాస్టారి వంక చూశాను. ఆయన వాచీ అందుకుని, మాట్లాడకుండా కీ కొన్ని చుట్లు తిప్పారు. ముల్లు కదిలింది. "ఎంతివ్వాలి బాబూ?" "ఏమీ ఇవ్వక్కర్లేదు. రోజూ పళ్ళు తోముకున్నాక ఇలా తిప్పండి, ఇదే దాని సెల్లు." పెద్దాయన అప్పటికీ నమ్మలేదు. బయట కాసేపు నిలబడి, నడుస్తోందో లేదో చెవి దగ్గర పెట్టుకుని విని మరీ వెళ్ళాడు.

సెల్లు వెయ్యడం చూసేవాళ్ళకి రెండు నిమిషాల పని. వాచీ బోర్లించి మెత్తటి గుడ్డ మీద పెట్టాలి. మూత అంచు వెంబడి గోటితో తడుముతూ పోతే ఒకచోట సన్నటి గాడి తగులుతుంది. చాకు మొన అక్కడే పెట్టాలి. ఇంకోచోట పెట్టి బలం చూపిస్తే జారిపోయి మూత మీద గీత పడుతుంది, ఒక్కోసారి మన బొటనవేలి మీద. గాడి దొరికితే మణికట్టు కొంచెం తిప్పితే చాలు, టక్కున లేస్తుంది. పాత సెల్లు మీద నంబరు చదువుకోవాలి. మా దగ్గర ఎక్కువ పోయేది 626. డబ్బా మీద ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ అనో 377 అనో ఉంటుంది, రెండూ ఒకటే. చివరి 26 అంటే మందం 2.6 మిల్లీమీటర్లు. దాని తమ్ముడు 621, వెడల్పు అంతే, మందం మాత్రం అర మిల్లీమీటరు దాకా తక్కువ. 621 చోట 626 పెడితే మూత మూసుకోదు. 626 చోట 621 పెడితే సరిగ్గా ఆనక, చెయ్యి ఊపినప్పుడల్లా ఆగి ఆగి నడుస్తుంది. కొత్త సెల్లుని ప్లాస్టిక్ ట్వీజరుతోనే పట్టుకోవాలి. లోహపుదైతే అటూ ఇటూ ఒకేసారి తగిలి షార్టయి, వెయ్యకముందే సెల్లు నీరసపడుతుంది. చేత్తో ముడితే చెమట అంటుతుంది. మా ఊరి చెమట మామూలుది కాదు.

మూత వెయ్యడమే అసలు పరీక్ష. కొన్ని వేళ్ళతో నొక్కితే పడతాయి. కొన్ని మొండికేస్తాయి, వాటిని ప్రెస్సులో పెట్టాలి. అద్దం వైపు ఆనించే బిళ్ళ సరైన సైజుది పెట్టకపోతే మూత పడే లోపు అద్దం పగులుతుంది. ఆ పని మాత్రం మాస్టారు ఎవరికీ వదిలేవారు కాదు.

"ఫుట్‌పాత్ మీద 10 రూపాయలకి వేస్తున్నాడు, నువ్వు 30 అంటావేటి?" అని రోజూ ఎవరో ఒకరు అడగాల్సిందే. ఫుట్‌పాత్ వాడిది మోసం అనను. వాడు వేసేది ఆల్కలైన్ సెల్లు, పదేసి అతికించిన అట్టల్లో వస్తుంది. మేం వేసేది సిల్వర్ ఆక్సైడ్. సిల్వర్ ఆక్సైడ్ 1.55 వోల్టుల దగ్గర మొదలై చివరిదాకా దాదాపు అలాగే ఉండి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ రోజురోజుకీ కొంచెం కొంచెం దిగిపోతూ ఉంటుంది. అది కూడా ఫర్వాలేదు, అయిపోయాక తియ్యకుండా వాచీని బీరువాలో పడేస్తేనే చిక్కు. సెల్లు కారి లోపల తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుంటుంది. మాస్టారు పుల్లకి దూది చుట్టి, తగిలీ తగలనట్టు నిమ్మరసం అద్ది, ఆ ఉప్పు తుడిచేవారు. సగం వాచీలు బతికేవి. బతకని వాటి యజమానులు మమ్మల్నే తిట్టేవారు.

ఇంకో టెన్షన్ ఉండేది జనానికి. సెకన్ల ముల్లు ఉన్నట్టుండి నాలుగు సెకన్లకోసారి గెంతడం మొదలెడుతుంది. మిషను పాడైపోయిందని పరుగెత్తుకొస్తారు. అది కంపెనీవాళ్ళు కావాలని పెట్టిన హెచ్చరిక, సెల్లు అయిపోవస్తోందని. కొన్నింట్లో రెండు సెకన్లకోసారి గెంతుతుంది. టైం మాత్రం తప్పదు. లోపలున్న క్వార్ట్జ్ పలుకు సెకనుకి 32,768 సార్లు కంపిస్తూనే ఉంటుంది, ముల్లు తన వాటా నడకని కూడబెట్టుకుని ఒకేసారి వేస్తుంది. ఇదంతా చెప్తే కొందరు ఆసక్తిగా వినేవారు. కొందరు "సరే గానీ అమ్మా, ఎంతవుద్ది?" అనేవారు.

ఇక మూత గురించి చెప్పాలి. ప్రతి వాచీ మూత లోపల, వేసిన తేదీ చిన్నగా రాసేవారు మాస్టారు. కీ వాచీల రోజుల అలవాటు. రిపేరు చేసినవాడు సూదితో తేదీ గీసి ఉంచితే, మళ్ళీ వచ్చినప్పుడు ఎప్పుడు కడిగామో తెలుస్తుంది. "సెల్లు మూడు నెలలకే అయిపోయింది, దొంగ సెల్లు వేశారు" అని దెబ్బలాటకి వచ్చేవాళ్ళకి మూత తీసి చూపించడానికి కూడా పనికొచ్చేది. తేదీ చూస్తే మూడు నెలలు కాదు, మూడేళ్ళు అయి ఉండేది. నేనూ అదే నేర్చుకున్నాను, సన్న మొన పెన్నుతో నెల, సంవత్సరం.

రాయడం కన్నా చదవడం బాగుండేది. మూత లోపల మేం రాసినవే కాదు, మాకన్నా ముందు వేరే ఊళ్ళలో ఎవరెవరో రాసినవి ఉండేవి. ఒడియా అంకెలు ఉండేవి, అవి కటక్‌వో భువనేశ్వర్‌వో. హౌరా రైలు మార్గంలో ఉద్యోగాలు చేసినవాళ్ళ వాచీల్లో బెంగాలీ అంకెలు. చేరిన కొత్తలో ఓ మూతలో వింత అంకెలు కనబడ్డాయి. ఒడియా కాదు, హిందీలా ఉంది గానీ హిందీ కూడా కాదు. మాస్టారు ఐగ్లాసు కూడా పెట్టుకోకుండా, "గుజరాతీ. సూరత్‌లో వేయించాడు" అన్నారు. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు నవ్వాడు.

గంజాం జిల్లా సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. మా పల్లెల మగవాళ్ళలో చాలామంది సూరత్ మరమగ్గాల దగ్గరే ఉంటారు. ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు అని లేదు. వాళ్ళు ఊరికి తప్పనిసరిగా వచ్చేది బుఢీ ఠాకురాణి యాత్రకి. చైత్రంలో, రెండేళ్ళకోసారి వచ్చే జాతర. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్ళు దేరా నేతగాళ్ళు, వాళ్ళ పెద్దలు తెలుగు నేల మీద నుంచి వచ్చినవాళ్ళే. నెల దాకా ఊరు నిద్రపోదు. యాత్ర రెండేళ్ళకోసారి, సెల్లు ఆయుష్షూ సుమారు రెండేళ్ళే. కిందటి యాత్రకి మా దగ్గర వేయించిన సెల్లు సరిగ్గా ఈ యాత్ర ముందు చచ్చేది. సూరత్ రైలు దిగినవాళ్ళు ఆగిపోయిన వాచీలతో నేరుగా మా మెట్లెక్కేవారు. మూత తీస్తే నా రాతే కనబడేది, కిందటి యాత్ర నెల. కొందరివి మధ్యలో ఆగిపోతే సూరత్‌లో వేయించేవారు. అప్పుడు నా తేదీ, దాని కింద గుజరాతీ తేదీ, మళ్ళీ నా తేదీ. వీళ్ళు ఎన్నేళ్ళు ఎక్కడ ఉన్నారో ఇంట్లో ఆడవాళ్ళకి కూడా అంత కచ్చితంగా లెక్క ఉండేది కాదేమో.

యాత్ర రోజుల్లోనే ఓ మధ్యాహ్నం పులి వేషగాడు వచ్చాడు. ఒంటి నిండా పసుపు రంగు, నల్ల చారలు. వాచీ పిన్ను ఊడిపోయిందట. వేషంలో వాచీ ఎందుకయ్యా అంటే, "టైముకి మందు వేసుకోవాలి మేడం" అన్నాడు. బెల్టుకి కూడా చారలు పడ్డాయి. కొత్త పిన్ను వేసిచ్చాను. గాజు కౌంటరు మీద అంటిన పసుపు రంగు మర్నాటిదాకా వదల్లేదు.

మాస్టారి దగ్గర ఒక్కసారే చూశాను, వెండి జేబు గడియారం, మూత లోపల గుండ్రటి బర్మా రాత. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళిన తరం వాళ్ళది. మనవడు తూకానికి అమ్మేద్దామని తెచ్చాడు. షావుకారు గారు వెండి రేటు కట్టి చెప్పేలోపు మాస్టారు దాన్ని నడిపించేశారు. నడుస్తున్నదాన్ని చూశాక మనవడు అమ్మలేదు. ఆ రోజు షావుకారు గారు మాస్టారితో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

చైన్ల పని వేరు. పెళ్ళికి ముందు రోజు మామగారు కొన్న వాచీ అల్లుడి చేతికి గాజులా జారిపోతుంది, లింకులు తియ్యాలి. లింకు లోపలి వైపు సన్నటి బాణం గుర్తు ఉంటుంది. పిన్నుని ఆ దిక్కుకే కొట్టి తియ్యాలి, ఎక్కించేటప్పుడు ఎదురు దిక్కు నుంచి. రెండు లింకులు తియ్యాలంటే అటు ఒకటి, ఇటు ఒకటి తియ్యాలి, లేకపోతే కొక్కెం మణికట్టు మధ్యకి రాదు. పెట్టుకున్నాక చిటికెన వేలు దూరితే సరిపోయినట్టు. బంగారు రంగు చైనైతే ఇంకో ముచ్చట. "తీసిన రెండు ముక్కలూ తూకం వేసి డబ్బులు తగ్గించండి" అని ఓ మామగారు పట్టుబట్టారు. బంగారు కొట్లో ప్రతిదీ తూకమే అనుకున్నారు పాపం. స్టీలు మీద పూత అని చెప్తే వాచీ మీదే అనుమానం పుట్టింది ఆయనకి.

తీసిన లింకులు నగలు చుట్టే గులాబీ కాగితంలోనే పొట్లం కట్టి ఇచ్చేదాన్ని. పారెయ్యకండి, పనికొస్తాయి అని చెప్పేదాన్ని. నిజంగానే దాచుకునేవారు. పుస్తెల పెట్టెలో, పెళ్ళి ఆల్బం కవర్లో. ఏళ్ళ తర్వాత ఆ పొట్లం పట్టుకొచ్చి, "మళ్ళీ ఎక్కించమ్మా, పట్టట్లేదు" అనేవారు. పక్కనున్న భార్య నవ్వు ఆపుకునేది. సూరత్ నుంచి వచ్చేవాళ్ళది ఉల్టా, ప్రతిసారీ తియ్యడమే.

ఒకాయన మాత్రం గుర్తుండిపోయాడు. ఆస్కా రోడ్డులో కిరాణా కొట్టు. ఒక లింకు తియ్యమని వచ్చాడు, కొన్ని నెలలకే మళ్ళీ వచ్చాడు, మళ్ళీ. చైనుకి సాగే గుణం లేదు, స్టీలు. మూడోసారి నేను సుత్తి తీసుకుంటుంటే మాస్టారు ఐగ్లాసు పైకెత్తి, "చైను వదులవ్వట్లేదు బాబూ, చెయ్యి సన్నబడుతోంది. ఓసారి మెడికల్ కాలేజీలో చూపించుకో" అన్నారు. షుగరు ముదిరిపోయి ఉందట. తర్వాత మందులు పడి ఒళ్ళు కాస్త తేరుకున్నాక, అప్పడాల కట్టలు రెండు తెచ్చిచ్చాడు, మాస్టారికొకటి, నాకొకటి. బరంపురం అప్పడాలు బరంపురం వాళ్ళకే ఇచ్చిన మనిషి ఆయనొక్కడే.

బెల్టులకి మా వాతావరణం పగ. సముద్రం పక్కనే, ఏడాది పొడుగునా ఉక్క. తోలు బెల్టు ఒక్క ఎండాకాలానికే నల్లబడి, బిర్రుగా అయి, కంపు కొట్టేది. లోపలి స్ప్రింగ్ పిన్నులు తుప్పు పట్టి గాడిలోనే ఇరుక్కుపోయేవి. పౌరోహిత్యం చేసే పంతులుగారు తోలు ముట్టనని నైలాన్ బెల్టే అడిగేవారు. ముహూర్తాలు ఆ వాచీలోనే చూడాలి కాబట్టి రేడియో వార్తల ముందు వచ్చే పిప్పుల శబ్దంతో సెకన్ల ముల్లు కలిపి ఇవ్వాల్సిందే. నర్సింగ్ చదివే పిల్లలకి డిజైన్ ఏదైనా ఫర్వాలేదు, సెకన్ల ముల్లు ఉండాలి, నాడి చూడ్డానికి. గోపాల్‌పూర్ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ జవాన్లు మాత్రం కాసియో డిజిటల్ తెచ్చేవారు. దానికి మామూలు సెల్లు కాదు, 3 వోల్టుల లిథియం సీఆర్2016. ఒకసారి వేస్తే ఏడేళ్ళ దాకా మళ్ళీ కనబడరు. ఆ లోపు ఇంకో ఊరికి బదిలీ. ఇలాంటి వాచీలు వ్యాపారానికి మంచివి కావని షావుకారు గారి అభిప్రాయం.

ఆ స్ప్రింగ్ పిన్నులు నొక్కినప్పుడు వేలు జారితే ఎగిరి ఎక్కడ పడతాయో దేవుడికే తెలియాలి. వేరే కొట్లో అయితే పోయినట్టే. బంగారు కొట్లో చెత్త పారెయ్యరు. వెనక గదిలో కంసాలుల పీటల కింద దుమ్ము, మా బల్లల కింద దుమ్ము అంతా ఊడ్చి డబ్బాలో పోసి దాచి, బంగారపు రజను తీసేవాళ్ళకి అమ్మేవారు. ఆ దుమ్ము కొనేవాడు వచ్చినప్పుడల్లా ముందు నా పిన్నులు ఏరి ఓ గుప్పెడు నా బల్ల మీద పెట్టేవాడు. అందులో తుప్పు పట్టనివి మళ్ళీ వాడేదాన్ని.

గోపాల్‌పూర్ పేరు వచ్చింది కాబట్టి నీళ్ళ సంగతి కూడా. వాచీ వెనక 30 మీటర్లు వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉంటే 30 మీటర్ల లోతు దాకా దిగొచ్చని అనుకుంటారు. చేతులు కడిగినప్పుడు పడే చినుకులకీ, వానకీ తట్టుకుంటుంది, అంతే దాని అర్థం. ఆదివారం గోపాల్‌పూర్ కెరటాల్లో గంతులేసి, సోమవారం అద్దం లోపల ఆవిరి పట్టిన వాచీతో వచ్చేవారు. ఉప్పునీళ్ళు పోతే సాయంత్రానికల్లా తెరవాలి, రెండు రోజులు ఆగితే లోపల తుప్పే. మూతకీ వాచీకీ మధ్య సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. సెల్లు మార్చినప్పుడల్లా అది చూసి, గట్టిపడితే మార్చి, లేకపోతే కాస్త సిలికాన్ గ్రీజు రాసి వెయ్యాలి. ఫుట్‌పాత్ మీద 10 రూపాయలకి ఎవరూ చెయ్యని పని ఇది. మేం 30కి చేసేవాళ్ళమని కస్టమర్లకి చెప్పుకోవడం మాత్రం నాకెప్పుడూ చేతకాలేదు.

ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12 రాత్రి. దసరా రోజులు. ఊళ్ళో చెట్లు, కరెంటు స్తంభాలు, హోర్డింగులు అన్నీ నేల మీదే. రోజుల తరబడి కరెంటు లేదు. కొట్టు తెరిచాక బంగారం బల్ల దగ్గర ఈగలు తోలుకుంటున్నారు, నా దగ్గర జనం. అప్పటికే అందరూ టైం సెల్‌ఫోన్లో చూడ్డం అలవాటు పడి వాచీలు మానేశారు. ఫోన్లు చచ్చిపోయేసరికి టైం ఎంతో తెలీదు. బీరువాల్లో పడున్న వాచీలన్నీ బయటికొచ్చాయి. పెళ్ళినాటివి, రిటైర్మెంటప్పుడు ఆఫీసువాళ్ళు ఇచ్చినవి, పిల్లల పరీక్షలకి కొన్నవి. మాస్టారు, నేను గుమ్మం వెలుతుర్లో కూర్చుని మూతలు తీస్తూనే ఉన్నాం. నేనే ఎప్పుడో రాసిన తేదీలు ఎన్ని కనబడ్డాయో. 626లు అయిపోయాయి. కొత్త సరుకు రావడానికి దారులు లేవు. ఆగిపోయిన షోకేసు వాచీల్లోంచి తీసి చూశాం, కొన్నింట్లో ప్రాణం ఉంది, అవే వేసిచ్చాం. వాటికి డబ్బులు తీసుకోవద్దన్నారు షావుకారు గారు. ఆయన నోట ఆ మాట విన్నది అప్పుడే.

కరెంటు వచ్చింది, ఫోన్లు లేచాయి, వాచీలు మళ్ళీ బీరువాల్లోకి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత కౌంటరు నెమ్మదిగా కుంచించుకుపోయింది. మాస్టారికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఇంట్లోవాళ్ళు ఇక వద్దన్నారు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీలు మూసెయ్యాలని నిర్ణయించారని పేపర్లో చదివి చూపిస్తే, "ముప్ఫై ఏళ్ళ కిందే మూశారు, ఇప్పుడు రాశారు" అన్నారు. బెల్టులు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటున్నారు. సైజు కొలవడం తెలీక 18 మిల్లీమీటర్ల వాచీకి 20 బెల్టు తెప్పించి, అంచులు కోసి ఇవ్వమని నా దగ్గరికే వచ్చేవారు.

నన్ను బంగారం బల్లకి మార్చారు. తల నెరిసింది కదా. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు వేసి అమ్మే ప్రతి బంగారు నగ మీదా, ఆ నగకే చెందిన, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తు తప్పనిసరి అయింది. లేజరుతో చెక్కిన ఆ అక్షరాలు ఉత్త కంటికి ఆనవు, కస్టమరుకి భూతద్దం ఇచ్చి చూపించాలి. కొట్లో కొత్తగా కొన్న భూతద్దాలు నాకు నచ్చవు. మాస్టారి ఐగ్లాసు నా సొరుగులోనే ఉంది, దాన్నే ఇస్తాను. కంటికి పెట్టుకోవడం రాక అందరూ ముక్కు మీదికి జార్చుకుంటారు.

వాచీల షోకేసు ఉన్నచోట ఇప్పుడు వెండి నాణేలు, దేవుడి బొమ్మలు. చాకు, ప్రెస్సు, మిగిలిన 626ల అట్ట మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. బంధువుల్లో ఈ సంగతి ఎలాగో పొక్కింది. మొన్న మా చిన్నాన్న కొడుకు ఇచ్ఛాపురం నుంచి సంచిలో మూడు వాచీలు వేసుకొచ్చాడు. ఒకటి కీ లాగి ఉంది, నొక్కి ఇచ్చేశాను. రెండోదానికి సెల్లు వేసి తేదీ రాశాను. మూడోది స్మార్ట్ వాచీ.

"దీనికి సెల్లు ఉండదురా, ఛార్జరేదీ?"

"అదే కదప్పా పోయింది. నీ దగ్గర ఏదో ఒకటి ఉంటాదని తెచ్చాను."